వెళ్లని పిల్లకూ ఒక గడి

నయాపూల్ దగ్గర కోర్టు గోడ పక్కన టైపు చేసేవాళ్లు వరుసగా కూర్చునేవారు. ఆ వరుసలో ఒకే ఒక్క ఆడమనిషి విమలాదేవి. ఆ మెషీన్లకు నూనె వేసి, రిబ్బన్లు మార్చి, విరిగిన స్ప్రింగుల చోట కొత్తవి వేసేది నేను. అందుకే ఆమె పని దగ్గర నుంచి చూశాను.

ఆమెది దబీర్‌పురా. టైపు పని మొదట ఆమె భర్త నర్సింహది. ఆయనకు ఉస్మాన్‌గంజ్‌లో ఒక పప్పుల దుకాణంలో ఉద్యోగం దొరకడంతో మెషీన్ ఇంట్లో మూలకు పడింది. 1991లో విమలాదేవి దాని మీది గుడ్డ తీసి, పాత ఇంగ్లీషు పేపర్లు ముందు పెట్టుకొని నేర్చుకుంది. చదువు పదో తరగతి. మిగతాది డిక్షనరీ. ఆరు నెలల తర్వాత మెషీన్‌ను రిక్షాలో పెట్టుకొచ్చి మా వరుస చివర కూర్చుంది. మొదట్లో నవ్వినవాళ్లే ఏడాది తిరిగేసరికి చిక్కు కాగితాలు ఆమెకు పంపడం మొదలుపెట్టారు.

వేగం చూసి కాదు. ఆమెకన్నా వేగంగా కొట్టేవాళ్లు మా దగ్గర నలుగురున్నారు. ఆమె దగ్గర ఒక స్టీలు స్కేలు ఉండేది. ఏ ఫారం వచ్చినా ముందు దానితో వచ్చిన సూచనల కాగితం తీసి, ఒక్కో లైను కింద స్కేలు పెట్టి చదివేది. అర్థమైతేనే స్కేలు కిందికి జరిగేది. కాకపోతే ఎంతసేపైనా అక్కడే. తర్వాత ఇంటివాళ్లందరి పేర్లూ పెన్సిలుతో చిత్తుకాగితం మీద రాసుకునేది. అప్పుడు గాని మెషీన్‌లోకి కాగితం ఎక్కదు.

2003 ఫిబ్రవరిలో ఒక పొద్దున బాలరాజ్ వచ్చాడు. దబీర్‌పురా స్టేషన్ వెనక ఆయనకు పది బర్రెలు, పాల వ్యాపారం. వెంట కూతురు గీతాంజలి, ఇంకా ఒక ఆరేళ్ల పాప. గీతాంజలి మొదటి భర్త నాలుగేళ్ల కింద జబ్బుచేసి పోయాడు. కిందటి శ్రావణంలో ఆమెకు అంజన్‌తో మళ్లీ పెళ్లయింది. అంజన్ కెనడాలో లారీ నడుపుతాడు. భార్యను పిలిపించుకోవడానికి అక్కడ దరఖాస్తు పెడుతున్నాడు. గీతాంజలి వైపు ఫారాలు ఎవరో ఏజెంటు పెన్నుతో నింపి ఇచ్చాడు. వాటిని టైపు చేయించి అంజన్‌కు కొరియర్‌లో పంపాలి.

"చూసి కొట్టుడే అక్కా, పది నిమిషాల పని," అన్నాడు బాలరాజ్.

విమలాదేవి స్కేలు తీసింది.

"అయిపాయె," అన్నాడు పక్కన టైపు చేసే వైకుంఠం. "అన్నా, సాయంత్రం పాలు ఎవరు పిండుతరు? ఇంటికి కబురు పంపుకో."

ఆమె వినిపించుకోకుండా చదువుతోంది. పాపకు విసుగు పుట్టింది. గీతాంజలి చెయ్యి పట్టి గుంజింది.

"అమ్మా, చెరుకురసం!"

విమలాదేవి తల ఎత్తింది. పిల్లల గడిలో ఏజెంటు 'లేరు' అని రాసి పెట్టాడు.

"ఈ పిల్ల ఎవరు?"

"మా చిన్నబిడ్డ," అన్నాడు బాలరాజ్ చప్పున. సంచిలోంచి రేషన్ కార్డు తీశాడు. అందులో నిజంగానే ఉంది: యశోద, బాలరాజ్ కూతురు.

"కాయితంల నేను తాతకు బిడ్డను," అంది యశోద గర్వంగా. "అమ్మ నాకు అక్క. ఇంట్ల మాత్రం అమ్మనే."

వరుసంతా నవ్వింది. బాలరాజ్ కూడా నవ్వక తప్పలేదు.

"మొదటి అల్లుడు పోయినంక ఇద్దరూ ఇంటికొచ్చిండ్రు అక్కా. కార్డుల పిల్ల పేరు ఎక్కియ్యమంటే, తండ్రి కార్డేది, తల్లి కార్డేది అని ఒకటే లొల్లి. నా బిడ్డనే అని రాసుకోండ్రన్న. గంతే."

"మరి కెనడాకు ఈమె పోదా?"

"ఇప్పుడు పోదు. అల్లునికి ఒక్కటే రూము. ఇల్లు చూసుకొని రెండేండ్లకు పిల్లను పిలిపిస్తడు. గా మాట మీదనే నా బిడ్డ పెండ్లికి ఒప్పుకున్నది. పోని పిల్లను రాస్తే కేసు ఆగుతదని ఏజెంటు చెప్పిండు. కార్డుల నా బిడ్డనే గదా, ఎవరూ అడగరంట."

విమలాదేవి సూచనల కాగితం ముందుకు లాక్కుంది. మళ్లీ చదివింది. ఒక లైను కింద స్కేలు ఆగింది. డిక్షనరీ తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. చివరికి కాగితం గీతాంజలి వైపు తిప్పింది.

"ఇంటర్ చదివినవట గదా బిడ్డా. నువ్వే చదువు."

గీతాంజలి వేలు పెట్టి మెల్లగా చదివి, తండ్రికి తెలుగులో చెప్పింది. వెంట రాకపోయినా పిల్లలందరి పేర్లూ రాయాలి. వాళ్లకూ డాక్టరు పరీక్ష చేయించాలి. ఇప్పుడు చూపించని పిల్లను తర్వాత పిలిపించుకునే వీలు ఉండకపోవచ్చు.

చెప్పి, కాగితం మీద నుంచి వేలు తీయలేదు.

"ఇప్పుడు లేదని రాస్తే రెండేండ్లకు కూడ లేదే బాపూ. నేను అట్ల పోను."

"రాస్తే వీసా రాకపోతే?" అన్నాడు బాలరాజ్. ఆ మాట ఆయన విమలాదేవినే అడిగాడు.

"ఏమన్న అనుమానముంటే అడుగుతరు. జవాబు కొడుదం. లేదని రాసినంక అడిగితే, కొట్టనీకి నా దగ్గర జవాబు ఉండదన్నా."

ఆ సాయంత్రం ఆరింటికి, అంటే అక్కడ తెల్లవారే వేళకు, మా ఎదుటి ఎస్‌టీడీ బూత్ నుంచి అంజన్‌కు ఫోను చేశారు. అద్దం తలుపు వెనక గీతాంజలి ముఖం చూస్తూ బాలరాజ్ చెప్పు విడుస్తూ, తొడుగుతూ నిలబడ్డాడు. ఆమె నవ్వుకుంటూ బయటికి వచ్చింది.

"తిట్టిండు బాపూ. యశోద పేరు ఆయన ఫారంల ఎప్పుడో రాసిండంట. నువ్వు రాయలేదా అని అడుగుతుండు!"

"మొగుడు ఉందంటే పెండ్లాం లేదంటే మస్తుగుండు తమాషా," అన్నాడు వైకుంఠం.

యశోద పుట్టిన సర్టిఫికెట్టు మునిసిపాలిటీ నుంచి తేవడానికి ఎనిమిది రోజులు పట్టింది. అందులో తల్లి పేరు గీతాంజలి అని సాఫుగా ఉంది. రేషన్ కార్డు సంగతి వివరిస్తూ విమలాదేవి అర పేజీ కాగితం తయారుచేసింది.

"జర దయ చూడుమని రాయి అక్కా," అన్నాడు బాలరాజ్.

"దయ ఎందుకు? ఏం జరిగిందో రాసిన. సంతకం పెట్టు."

పిల్లల గడిలో యశోద పేరు పడింది. పక్కన 'మీతో వస్తున్నారా?' అన్నచోట, రావడం లేదు అని కొట్టింది.

తర్వాత డాక్టరు పరీక్ష. దాని ముచ్చట యశోదే వచ్చి మా అందరికీ చెప్పింది. బరువు చూశారట, నాలుక చాపమన్నారట.

"కెనడాకు పోతున్నవా అని అడిగిండు డాక్టరు. నేను పోతలేను సార్, పోనిదాన్ని అని చెప్పిన!"

అప్పటి నుంచి మా వరుసలో ఆ పిల్ల పేరు 'పోనిది'. వైకుంఠం అలాగే పిలిచేవాడు. ఆ పిలుపుకే ఆ పిల్ల పలికేది.

మరుసటి ఏడాది మార్చిలో గీతాంజలికి వీసా వచ్చింది. ఆమె వెళ్లింది. ప్రతి ఆదివారం తల్లీకూతుళ్ల ఫోను. 2006లో అంజన్ రెండు గదుల ఇల్లు తీసుకున్నాడు, గీతాంజలి బిడ్డ కోసం దరఖాస్తు పెట్టింది. బాలరాజ్ కొత్త ఫారాలతో వచ్చేసరికి విమలాదేవి ట్రంకు పెట్టెలోంచి పాత కార్బన్ కాపీ తీసి సిద్ధంగా పెట్టింది. ఈసారి స్కేలు జరిపింది తొమ్మిదేళ్ల యశోద. ప్రతి లైనూ గట్టిగా చదివింది, అర్థం కానిచోట ఆగింది. మధ్యాహ్నం దాటింది. ఎవరూ తొందరపెట్టలేదు.

పాత కాగితాల్లో ఉన్న పేరే, ఉన్న తేదీయే. పెద్ద ప్రశ్నలేవీ రాలేదు. డిసెంబరులో వీసా వచ్చింది.

బాలరాజ్ గిన్నెడు కోవా తెచ్చి వరుసంతా పంచాడు. చివరిది విమలాదేవి చేతిలో పెట్టి, సంచిలోంచి ఇంకో ఫారం తీశాడు.

"ఇంకేందన్నా?"

"రేషన్ కార్డుల కెల్లి పేరు తీసెయ్యాలె అక్కా. కారణం ఏందో రాయమంటున్నరు."

"నేను కొడత," అంది యశోద.

విమలాదేవి లేచి తన కుర్చీ ఇచ్చింది. యశోద ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ మొదలుపెట్టింది: బాలరాజ్ కూతురు కాదు, మనవరాలు. తల్లి దగ్గరికి పోతున్నది.

"సాయంత్రం పాలు ఎవరు పిండుతరన్నా?" అన్నాడు వైకుంఠం.

"ఎవరన్న పిండనీ," అన్నాడు బాలరాజ్, స్టూలు దగ్గరికి లాక్కొని కూర్చుంటూ. "కొట్టనియ్యి నిమ్మలంగ."