పెద్ద టైర్ల కారులో షమీమ్ మొదటి పాఠం

మా అమ్మాయి షమీమ్‌కు ఎమ్మిగనూరు బడిలో సైన్స్ టీచరు ఉద్యోగం వచ్చిన రోజు ఆదోని అంతా నాదే అనిపించింది! ఎనభైల నాటి మాట. మిల్లులో పత్తి బోరాలు మోసిన మా ఇంట్లో మొదటి టీచరమ్మ! కానీ ఉత్తర్వు ఆలస్యంగా అందింది. ఆ సాయంత్రం బడి మూసేలోగా చేరకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. మధ్యాహ్నం బస్సు రాలేదు. ముప్పై కిలోమీటర్ల లోపే, గంట దారి. బస్సు చార్జీకి ఎన్నో రెట్లయినా, మార్కెట్ దగ్గర మద్దిలేటి కారు మాట్లాడుకున్నాము.

పత్తి వ్యాపారులను చేలకు తిప్పే బండి అది. నల్లరేగడిలో దిగబడకుండా కంపెనీ ఇచ్చిన వాటికంటే పెద్ద, లావుపాటి టైర్లు వేయించాడు. చూసి మురిసిపోయాను.

"ఏనుగు మాదిరి ఉండాది సూడు భాయ్!" అన్నాడు మద్దిలేటి.

సగం దారిలో ఎత్తు ఎక్కుతుంటే ఇంజను మూలిగింది. వెనక నల్లటి పొగ. మద్దిలేటి బండి ఆపి, "పెట్రోలు అడుగంటింది భాయ్. మీటరు సూస్తే అంత దూరం తిరగనే లేదు. ఎవుడో దొంగిలించినాడు!" అన్నాడు. బంకు ఎమ్మిగనూరులోనే ఉంది. పొద్దు చూశాను, బడి మూసే వేళ దగ్గరపడుతోంది.

షమీమ్ దిగి టైరు మీద చేయి వేసింది. "దొంగ ఎవడూ లేడన్నా. మీటరు లెక్కపెట్టేది చక్రం చుట్లనే. పెద్ద చక్రం ఒక్క చుట్టుకే ఎక్కువ దూరం పోతాది. అందుకే మీటరు తక్కువ సూపిస్తాండాది."

"అయితే బండి ఎక్కువ తాగేది అబద్ధమేనామ్మా?"

"అదీ నిజమే. ఇంత బరువు టైరు తిప్పాలంటే ఇంజను కష్టపడాల. నువ్వేమో టాప్ గేరులోనే తొక్కుతాండావు. సరిగ్గా కాలని పెట్రోలే ఆ పొగ. గేరు తగ్గించి నిదానంగా పోనీ."

"నేను తాగేదానికి కూడా ఏదో ఒక లెక్క మా ఆడమనిషికి సెప్పమ్మా!" అన్నాడు మద్దిలేటి. ఆ కంగారులోనూ నవ్వొచ్చింది.

నిదానంగా పోతే పొగ తగ్గింది. బడి కనిపించే మలుపులో పెట్రోలు అయిపోయి కారు ఆగిపోయింది. షమీమ్ పరుగెత్తింది! నేను చేరేసరికి, తాళం చేతిలో పట్టుకున్న హెడ్‌మాస్టరు ముందు సంతకం పెడుతోంది.

తర్వాత మార్కెట్‌లో మద్దిలేటి కనిపించి, "పాత సైజు టైర్లే యేయించినా, టీచరమ్మకు సెప్పు," అన్నాడు. కారులో బయలుదేరేవాళ్లకు నా సలహా కూడా అదే. కంపెనీ చెప్పిన సైజు టైర్లే వేయించండి, పెట్రోలు మిగులుతుంది, వెనక వచ్చేవాళ్లకు పొగ తప్పుతుంది. ఆ తర్వాత షమీమ్ దగ్గర ఎంతమంది చదువుకున్నారో! కానీ మొదటి పాఠం మాత్రం రోడ్డు పక్కనే చెప్పింది. ఆ తరగతిలో మేమిద్దరమే, మద్దిలేటీ నేనూ.