హారతి వేళ ఫోన్ దించకూడదు

గుడి కమిటీలకు ఫోన్‌తో వీడియో తీయడం, పూజను లైవ్ పెట్టడం, నలుగురికీ అర్థమయ్యేలా మాట్లాడడం నేర్పే పని మా ఇద్దరికీ కలిపి ఇచ్చారు. నేను ఎలక్ట్రానిక్స్ చదివాను. నాకు జత చేసిన అతను పుంగనూరులో పెళ్లిళ్లకు మైకు పట్టుకుని మాట్లాడేవాడు. మదనపల్లెలో మొదటి క్లాసులోనే అతన్ని చూసి నాకు కడుపుమంట మొదలైంది.

నా పాఠం మూడు భాగాలు: వెలుతురు, శబ్దం, నిలకడ. ఒక్కోదానికి బొమ్మలు గీసుకుని వెళ్లాను. అందరూ ఒద్దికగా రాసుకున్నారు. అతని వంతు రాగానే కుర్చీలు ముందుకు జరిగాయి. అతను పాఠమే చెప్పలేదు. ఒక టమాటా వ్యాపారిని లేపి, మీ గుడి గురించి ఇంట్లో ఆడవాళ్లకు చెప్పినట్టు చెప్పమన్నాడు. ఆయన మొహమాటపడుతూనే చక్కగా చెప్పేశాడు. భోజనాల దగ్గర నన్ను సార్ అన్నారు, అతన్ని అప్పా అన్నారు. పాయసం రెండోసారి అతని విస్తట్లోనే పడింది. పుంగనూరులోనూ ఇదే వరస. అది అతని సొంత ఊరు కదా అని సర్దుకున్నాను.

ఇక మిగిలింది కుప్పం. అక్కడి కమిటీ పెద్దాయన ముందే చెప్పాడు, ఈసారి అమ్మవారి జాతర లైవ్ మా ఇద్దరిలో ఒకరికి అప్పగిస్తామని. శాంతిపురం వైపు నుంచి బెంగళూరుకు పనికి పోయి, జాతరకు రాలేకపోయినవాళ్లు చూసేది ఆ లైవే. అది నాకు కావాలి. ఒక్క ఊళ్లోనైనా అతని కంటే ముందు నన్ను తలచుకోవాలి.

శుక్రవారం పూజే మాకు పరీక్ష, ఇద్దరం చెరో ఫోన్‌తో లైవ్ పెట్టాలి. వెళ్లిన ప్రతి ఊళ్లోనూ నేను ఒకే పొరపాటు చూశాను. పూజారి హారతి పళ్లెం తేగానే ఫోన్ పట్టుకున్నవాడు కూడా దండం పెట్టుకుంటాడు. చూసేవాళ్లకు ఆ కాసేపు గుడి నేల, లేదంటే తిరిగే ఫ్యాను కనిపిస్తుంది. అందుకే ఈసారి స్టాండు తెచ్చి ఫోన్ దానికి బిగించాను. అతను తన ఫోన్‌ను కమిటీలోని ఒక కిరాణా కొట్టు ఆయన చేతికిచ్చాడు. హారతి వేళ ఫోన్ దించకూడదని ఆయనకు చెప్పమన్నాను. మొక్కే చేతులను కట్టేయలేమన్నాడు.

నా లైవ్‌లో వంక పెట్టడానికి ఏమీ లేదు. అమ్మవారి ముఖం, కర్పూరం వెలుగు, గంట మోత అన్నీ కుదిరాయి. అతని లైవ్‌ను నా రెండో ఫోన్‌లో చూస్తూ నిలబడ్డాను. పళ్లెం రాగానే కొట్టు ఆయన ఫోన్‌ను ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడి చేత్తో హారతి తీసుకుని కళ్లకద్దుకున్నాడు. మళ్లీ ఒకసారి మంట మీద చెయ్యి పెట్టి, వెనక నిలబడి ముందుకు రాలేని ముసలివాళ్లకు అందించినట్టు, ఆ అరచేతిని తీసుకెళ్లి ఫోన్ లెన్సు మీద ఆనించాడు. బొమ్మంతా చీకటైపోయింది. జాతర నాదే అనుకున్నాను.

పూజ అయ్యాక పెద్దాయనకు బెంగళూరు నుంచి ఫోన్ వచ్చింది. అందరూ వినేలా స్పీకరు పెట్టాడు. ఎవరో ఆవిడ గొంతు.

"మాకు గూడా హారతి అందిండాదప్పా. మా అత్త ఫోను కండ్లకద్దుకునె."

అలాంటి ఫోన్లు ఇంకా వచ్చాయి. నా లైవ్ గురించి ఎవరూ ఏమీ అడగలేదు.

"లెన్సు మూసేశాడు కదండీ," అన్నాను ఉండబట్టలేక.

"ఏల మూసినాడో బెంగళూర్లో ఉండే బిడ్డలకు తెలిసింది గదా సార్," అన్నాడు పెద్దాయన. తర్వాత నన్ను నొప్పించకూడదని కాబోలు, "మీది బో సక్కంగా ఉండాది, టీవీలో మాదిరి," అని, అతని భుజం మీద చెయ్యి వేసి జాతర మాటలు మొదలుపెట్టాడు.

తిరుగు బస్సులో అతను నా భుజం మీదే తల వాల్చి హాయిగా నిద్రపోయాడు. ఒళ్లో అతని ఫోన్ మోగుతుంటే నేనే ఎత్తాను. కొట్టు ఆయన.

"అప్పా, జాతరకి ముందునాడే వచ్చేయాల."

అతను నిద్రపోతున్నాడని చెప్పాను.

"మీరెవురు?"

"స్టాండు తెచ్చినవాణ్ని."

"ఓ, మీరా సార్. జాతరకి ఆ స్టాండు గూడా ఆయప్పకిచ్చి పంపించండి."

చూద్దాం అన్నాను. మోకాళ్ల మధ్య ఉన్న స్టాండును గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.