పాడితేనే కొలత తీసే చాచా

పొద్దున కొట్టు షట్టర్ ఎత్తుతుంటే ఫోన్ మోగింది. బోధన్ నుంచి చాచా పెద్దకొడుకు. "అన్నా, అబ్బాజాన్ పోయిండు. నిన్న అసర్ నమాజ్ చదివి కుర్చీల కూసున్నడు. చాయ్ దెచ్చేసరికి లేడు" అన్నాడు. ఫోన్ పెట్టేశాను. షట్టర్ సగంలోనే ఉంది, నేను దాని కిందే నిలబడి ఉన్నాను.

ఈ గల్ఫ్ దీవిలో జుఫైర్ వైపు వచ్చిపోయేవాళ్లకు చాచా తెలిసే ఉంటారు. నా మొబైల్ సామాన్ల కొట్టుకూ ఆయన దర్జీ కొట్టుకూ మధ్య ఒక్కటే గోడ. హోటళ్లలో పాడే బ్యాండ్లకు ఇరవై ఏళ్లు బట్టలు కుట్టారాయన. ఇంగ్లీషు పాటలో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కానీ రాక్, పాప్ చరిత్ర మొత్తం ఆయనకు బట్టల్లో తెలుసు. నడుం ఊపి లోకాన్ని గోల పెట్టించిన మనిషి తెల్ల కోటుకు కాలర్ ఎంత ఎత్తు, ఇంగ్లండు నుంచి వచ్చిన నలుగురు కుర్రాళ్ల కోట్లకు కాలరే ఎందుకు లేదు, ముఖాన మెరుపు గీసుకున్నాయన భుజాలు ఎందుకంత లేచి ఉంటాయి, అన్నీ చెప్పేవారు. బ్యాండ్లవాళ్లు వదిలేసిన పత్రికల్లోంచి బొమ్మలు కత్తిరించి గోడంతా అంటించుకున్నారు.

చెక్క గిటారుతో పల్లెపాటలు పాడే ఒకాయన ఒకసారి కరెంటు గిటారు పట్టుకుని స్టేజీ ఎక్కితే జనం తిట్టారట కదా. పాట మారిందని తిట్టారని లోకమంతా అంటుంది. చాచా ఒప్పుకునేవారు కాదు. "పాట గాదు బేటా. నిన్నటిదాంక మామూలు అంగీ ఏస్కున్నోడు ఆ దినం తోలు కోటేస్కొని వచ్చిండు. జనం తిట్టింది కోటును. పాట ముందుగాల కంటికి ఇనబడ్తది, తర్వాతనే చెవికి" అనేవారు. దాని మీద నేనెంత వాదించినా గెలవలేదు.

ఆయన కొలత తీసే పద్ధతి మరో దర్జీ దగ్గర నేను చూడలేదు. పాటగాడు వస్తే టేపు మెడలో వేసుకుని, "యల్లా, పాడు" అనేవారు. గొంతెత్తి పాడుతూ, ఎగురుతూ ఉంటేనే ఛాతీ కొలత, చేతి కొలత. ఆడవాళ్లయితే టేపు పక్కనున్న స్నేహితురాలి చేతికిచ్చి, తాను గోడవైపు తిరిగి, "బేటీ, జోర్‌గ పాడు" అనేవారు. "నిలబడి ఇచ్చిన కొలతకు కుడ్తే ఫోటోకు పనికొస్తది. పాటకు పనికిరాదు" అన్నది ఆయన మాట. నా గిరాకీలు ఆ అరుపులకు బెదిరి, "భాయ్, పక్కన ఎవరినైనా కొడుతున్నారా?" అని అడిగేవాళ్లు.

ఇక అసలు సంగతి, కొంచెం సిగ్గుపడే చెప్పాలి. రెడీమేడ్ బట్టలొచ్చి చాచా పని సన్నబడింది. మా ఇద్దరి కొట్లకూ కఫీల్, అంటే వీసా ఇచ్చి కొట్టు పెట్టించిన అరబ్బు యజమాని, ఒక్కరే. ఆయన ఒకరోజు వచ్చి, ఈ నెలలో రోజువారీ పని దొరికితే సరే, లేకపోతే దర్జీ కొట్టు ఖలాస్, గోడ తీసేసి ఆ జాగా మొబైల్ కొట్టుకిచ్చేస్తా అన్నారు. అంటే నాకు. నాకు లోపల సంతోషమే వేసింది. చాచా నమాజుకు వెళ్లినప్పుడు ఆయన కొట్లోకి దూరి, నా అరలు ఎక్కడ వస్తాయో గోడ మీద గీతలు కూడా గీసుకొచ్చాను.

అదే వారం దగ్గర్లోని ఒక హోటల్ మేనేజర్ చాచాను పిలిపించాడు. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక మధ్యాహ్నం భోజనాల వేళ వాళ్ల ఫిలిప్పీన్ బ్యాండు యాభై ఏళ్ల రాక్, పాప్ చరిత్రను ఒక్క గంటలో పాడాలి, ఏడుసార్లు బట్టలు మారాలి. డ్రమ్ము ఒక్కటే మోగే ఆ కాసేపట్లోనే మిగతా ఐదుగురూ బట్టలు మారి స్టేజీ మీదకు రావాలి. అది కుదిరితే హోటల్ స్టాఫ్ యూనిఫారాల కుట్టుపని అంతా చాచాదే. కొట్టు నిలబడుతుంది.

ఏడు జతలూ అద్భుతంగా కుట్టారు. కానీ బుధవారం రిహార్సల్‌లో హుక్కులు దెబ్బకొట్టాయి. చెమట చేతులకు జారిపోయి పెట్టుకోవడానికి లేదు, తియ్యడానికి లేదు. డ్రమ్ములవాడు వాయించి వాయించి అలసిపోయాడు, పాడే అమ్మాయి ఇంకా ఒక చెయ్యి తెల్ల కోటులో, ఒక చెయ్యి బయట. మేనేజర్ గడియారం చూసుకుని, "శుక్రవారం ఇట్లే అయితే మీకూ మాకూ సలామ్" అన్నాడట.

చాచా తలొంచుకుని మా వీధిలోకి వచ్చేసరికి నేనొక గిరాకీకి ఫోన్ పౌచ్ చూపిస్తున్నాను. బెల్టుకు పెట్టుకునేది, మూత మీద నల్లటి గరుకు పట్టీ. అంటిస్తే అంటుకుంటుంది, పీకితే చర్ర్‌మని ఊడుతుంది. ఆ చప్పుడుకు చాచా ఆగిపోయారు.

"మళ్ల పీకు."

పీకాను.

"ఇసొంటియి ఎన్నున్నయ్ నీ దగ్గర?"

డబ్బాలకు డబ్బాలున్నాయి. కానీ 'స్టాక్ లేదు చాచా' అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. అది అంటే చాలు, జాగా నాదే. నేను పౌచ్ మూత తీస్తూ వేస్తూ ఉంటే ఆయనే నవ్వారు.

"గోడ మీది గీతలు నేను సూడలేదనుకున్నవా? సుద్దముక్క గూడ నాదే వాడినవ్. కాని గీతలు మాత్రం సక్కగ గీసినవ్ బేటా. దర్జీ కావాల్సినోనివి."

తిడితే ఓర్చుకునేవాణ్నేమో. మెచ్చుకునేసరికి తట్టుకోలేకపోయాను. డబ్బాలన్నీ మోసుకెళ్లి ఆయన మిషను ముందు పెట్టాను. గురువారమంతా నా కొట్టు బంద్. నేను బ్లేడుతో పట్టీలు ఊడదీస్తుంటే, ఆయన హుక్కులు తీసి వాటి జాగాలో కుట్టుకుంటూ పోయారు. మధ్యలో ఒకసారి, "నువ్వే నా పొట్ట కొడ్తవనుకుంటి" అన్నారు. "నేనూ అట్లనే అనుకున్న చాచా" అన్నాను. ఇద్దరం పడీ పడీ నవ్వాం.

శుక్రవారం చాచా హాల్లో కూర్చోలేదు. తెర వెనక కత్తెర పట్టుకుని నిలబడ్డారు, పక్కన సూదులతో నేను. ఎత్తు కాలర్ తెల్ల కోటు పోయింది, కాలర్ లేని కోట్లొచ్చాయి. అవి పోయి తోలు కోటు, అది పోయి మెరుపుల భుజాలు. అన్నీ కనురెప్ప వేసేలోపే. చివరిది ఒంటి గ్లౌజు, తళుకుల కోటు. అప్పుడే డ్రమ్ములవాడు లెక్క తప్పి ఆగిపోయాడు. హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఐదుగురూ ఒక్కసారే పట్టీలు పీకారు. తెర పక్కన ఎవరో మైకు ఆపడం మరిచిపోయారు.

చర్ర్ర్!

హాలంతా పులి గాండ్రించినట్టు మోగింది. చాచా కళ్లు మూసుకున్నారు. ఒక్క క్షణం తర్వాత చప్పట్లు! జనం అది కూడా ఆటలో భాగమే అనుకున్నారు. డ్రమ్ములవాడు తెలివైనవాడు, ఆ చర్ర్ మీదే తాళం ఎత్తుకున్నాడు. పాడే అమ్మాయి స్టేజీ మీద నుంచి చెయ్యి చాపి చాచాను లాగింది. మెడలో టేపుతో, చేతిలో కత్తెరతో ఆయన దీపాల్లోకి వచ్చేసరికి జనమంతా లేచి నిలబడ్డారు. ముందు వరసలో, ఏమవుతుందో చూద్దామని వచ్చిన మా కఫీల్ కూడా.

కొట్టు నిలబడింది. నిరుడు ఆయనంతట ఆయన ఊరికి వెళ్లేదాకా ఆ గోడ కదల్లేదు. నేను గీసిన గీతల మీదే ఆయన ఒక అర కొట్టి, దాని మీద నా పౌచ్‌లు పెట్టి వచ్చిన ప్రతివాడికీ చూపించేవారు. ఒక ఏడాది, పెద్ద పాప్ గాయకుడొకాయన మన దీవిలోనే ఉంటున్నాడని ఊరంతా పుకారు. "చాచా, నీ దగ్గరికొస్తే?" అని ఆటపట్టించాను. "రానీ. ఎంత పెద్దోడైనా ముందుగాల పాడాలె" అన్నారు.

ఆ శుక్రవారం షో అయిన మర్నాడే నన్ను పిలిచి టేపు తీశారు.

"నాకు పాటలు రావు చాచా."

"పాటెవడడిగిండు? బేరం జెయ్యి."

చేతులూపుతూ, గొంతు చించుకుని లేని గిరాకీతో బేరమాడాను. ఆయన కొలత రాసుకున్నారు. ఆ చొక్కాకు గుండీల్లేవు, అన్నీ ఆ నల్ల పట్టీలే.

ఈరోజు ఫోన్ వచ్చాక షట్టర్ దించి ఇంటికెళ్లి, అదే వేసుకొచ్చి కొట్టు తెరిచాను. రోజంతా అరిచాను, చేతులెత్తాను, చొక్కా ఎక్కడా బిగుసుకోలేదు. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి మెడ దగ్గర పట్టీ పట్టుకుని లాగాను. చర్ర్‌మంది. ఆ గదిలో నేనొక్కణ్నే. కానీ నా చెవుల్లో హాలంతా మళ్లీ లేచి నిలబడింది.