ఒళ్ళో పెట్టుకున్న చేతులు

మా అక్క కట్టుడు పళ్ళు చేస్తుంది. ఎవరితోనైనా ఈ మాట అనేసి వాళ్ళ ముఖం చూడటం నాకు సరదా. సగం మంది నవ్వుతారు. మిగతా సగం మంది చప్పున నోరు మూసుకుంటారు, వాళ్ళ పళ్ళు నేను ఎక్కడ లెక్కపెడతానో అన్నట్టు.

పళ్ళ డాక్టరు రోగి నోటి కొలత తీసి అచ్చు పంపిస్తాడు. ఆ అచ్చు మీద మైనం పరిచి, పళ్ళు ఒక్కొక్కటీ నిలబెట్టి, చుట్టూ మైనాన్ని చిగుళ్ళలా చెక్కాలి. అసలు కష్టమంతా ఆ చెక్కడంలోనే ఉంది. కత్తి పిసరంత జారిందా, పాపం ఆ మనిషి నవ్వినప్పుడల్లా ఒక పన్ను గుర్రం పన్నులా కనిపిస్తుంది. అక్క చెయ్యి జారదు. స్పిరిట్ దీపం ముందు కూర్చుని కత్తి వేడి చేసుకుందంటే పక్కన పిడుగు పడ్డా తల ఎత్తదు.

ఈ పని ఆమెకు నేర్పింది మా మావయ్య, అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. నాన్న పోయాక అక్కను వెంటబెట్టుకుని తన ల్యాబ్‌కు తీసుకెళ్ళాడు. ల్యాబ్ అంటే మరీ ఊహించుకోకండి, మందుల షాపు వెనక ఇరుకు గది, రెండు బల్లలు, ఎప్పుడూ పొడి దుమ్ము. కానీ పని నేర్పడంలో మాత్రం మావయ్య ఏమీ దాచుకోలేదు. ఆ మాట ఒప్పుకోకపోతే నా కళ్ళు పోతాయి.

తర్వాత ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. ముందు టీ గ్లాసు పట్టుకున్నప్పుడు, తర్వాత కత్తి పట్టుకున్నప్పుడు. అప్పటి నుంచి మోటు పనంతా ఆయన చేసి, అచ్చును నెమ్మదిగా అక్క బల్ల మీదికి జరిపేవాడు. అక్క చెక్కేది, పేరు ఆయనది. డాక్టర్లు ఫోన్ చేసి "మాస్టారూ, మీ చేతిలో ఏదో ఉందండీ" అంటే, నిజమే, వణుకుంది అని నేను లోపల నవ్వుకునేదాన్ని. అక్కకు మాత్రం ఈ విషయంలో నవ్వులాట పనికిరాదు.

"ఈ మాట మన గడప దాటకూడదు. తెలిస్తే ఆయనకు ఒక్క డాక్టరు కూడా పని ఇవ్వడు," అని అమ్మ చేతా నా చేతా ఒట్టు వేయించుకుంది.

అలాగని జన్మంతా ఆ గదిలో, వేరేవాళ్ళ పేరు మీద పళ్ళు చెక్కుతూ కూర్చోవాలని ఎవరికుంటుంది? పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం, తెల్లకోటు, జేబు మీద తన పేరు. అక్క కోరుకున్నది అంతే. పైగా ఆసుపత్రుల్లో వయసు దాటితే దరఖాస్తు కూడా తీసుకోరు. ఆమెకు ఆ గడువు దగ్గర పడుతోంది.

ఇక మొదలైంది మా ఇంటర్వ్యూల భాగోతం. మొదటి చోట పని చేయించి చూసి, "చాలా బాగుంది, సోమవారం ఫోన్ చేస్తాం" అన్నారు. అమ్మ అదే సాయంత్రం వీధంతా చాటింది. సోమవారం ఫోన్ వచ్చింది, వేరే వాళ్ళను తీసుకున్నామని చెప్పడానికి. ఇంకో చోట "ఎప్పుడు చేరగలరు?" అని కూడా అడిగి, ఆ తర్వాత మేం ఫోన్ చేసినా ఎత్తలేదు. మరో ఆసుపత్రి వాళ్ళయితే తెల్లకోటుకు కొలతలు తీసుకున్నారు. టేపు పట్టుకుని భుజాలు కొలిచి, చేతుల పొడుగు కొలిచి, ఆఖరికి మొండిచెయ్యి చూపించారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వెళ్ళి కడిగేద్దామంటే అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది.

అమ్మ దిష్టి అంది. నేను, నీకు గట్టిగా మాట్లాడటం రాదు, అందుకే లోకువైపోతున్నావు అన్నాను. మావయ్య మాత్రం ఏ వంకా పెట్టేవాడు కాదు. అక్క ఆయన భుజం మీద తల పెట్టుకుని ఏడుస్తుంటే వీపు నిమురుతూ, "నీ విలువ తెలియని వెధవలు తల్లీ. పోనీలే, నేను లేనూ?" అనేవాడు.

అంతటితో ఊరుకోలేదు. తర్వాతి ఇంటర్వ్యూకు ఆయనే తర్ఫీదు ఇచ్చాడు. మా ఇంట్లో కుర్చీ వేసుకుని, కళ్ళద్దాలు ముక్కు మీదికి లాగి, గొంతు పెద్దది చేసి ప్రశ్నలు అడిగేవాడు. అక్క జవాబు చెబుతూ చేతులు కదిపితే చాలు, ఆపేసేవాడు.

"అలా చేతులు తిప్పకు. కుదురు లేని మనిషి అనుకుంటారు. ఒళ్ళో పెట్టుకో. ఆఁ, అలా. లేచేదాకా పైకి తీయకు."

అక్క బుద్ధిగా చేతులు ఒళ్ళో పెట్టుకునేది. ఎంత ప్రేమగా నేర్పుతున్నాడో అని నేనూ మురిసిపోయాను.

దరఖాస్తులో, ఎవరి దగ్గర పని చేశారో వాళ్ళ ఫోన్ నంబరు రాయమంటారు. అక్క పని చేసింది ఒక్కరి దగ్గరే. ప్రతిసారీ ఆ నంబరే రాసేది.

వయసు గడువులోపు మిగిలిన ఆఖరి ఇంటర్వ్యూకు అక్కతో నేనూ వెళ్ళాను. వరండాలో బెంచీ మీద నన్ను కూర్చోబెట్టి లోపలికి వెళ్ళింది. లోపల జరిగింది తర్వాత తను చెప్పిందే.

అక్కడి ల్యాబ్ పెద్ద ఒక నెరిసిన జుట్టు ఆవిడ. పరీక్ష కోసం పొద్దున అక్క చేసిన మైనం పళ్ళ సెట్టు ఆవిడ ముందే ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మీరు ఒక్కరే చేశారా?" అంది.

"అవునండీ."

"చూడమ్మా, నాకు వెనకాల మాట్లాడే అలవాటు లేదు. నిన్న మీ మాస్టారికి ఫోన్ చేశాను. మీరు చాలా మంచివాళ్ళని చెప్పారు. కాకపోతే కుడిచెయ్యి వణుకుతుందట కదా? మంచి రోజున బాగానే చేస్తారు, చెడ్డ రోజున సెట్టు పాడైపోతుంది అన్నారు. ఇంటర్వ్యూలో చేతులు దాచుకుంటుంది, చూడండి అని కూడా చెప్పారు. ఇందాకటి నుంచి చూస్తున్నాను, మీరు చేతులు ఒళ్ళోంచి తీయలేదు."

అక్క తన చేతుల వైపు తనే చూసుకుంది. ఆ వణుకు నాది కాదు, ఆయనది అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్ళు దాచిన రహస్యం కదా, ఆ ముక్క అంటే మావయ్య బతుకు బజారున పడుతుంది. మింగేసింది. నేనైతే మింగేదాన్ని కాదు, ఆసుపత్రి దద్దరిల్లేలా అరిచేదాన్ని.

చేతులు రెండూ తీసి బల్ల మీద పెట్టింది. "దీపం వెలిగించండి. మీ ముందే చెక్కుతాను," అంది.

ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, పని మొదలైనప్పటి నుంచి అయ్యేదాకా అక్క చేతి మీంచి చూపు తిప్పలేదట. అయ్యాక లేచి, "ఒకటో తారీఖున వచ్చి చేరండి. ఆ మాస్టారి సంగతి మీరే చూసుకోండి," అందట.

బయటికి వచ్చిన అక్క ముఖం చూసి, ఇదీ పోయిందనుకున్నాను. "వచ్చింది," అంది. నేను ఎగిరి కౌగిలించుకున్నా చలనం లేదు. బస్సులో అంతా చెప్పింది. ఇంటికి కాదు, ల్యాబ్ దగ్గర దిగుదాం అంది.

మావయ్య బల్ల దగ్గరే ఉన్నాడు. మమ్మల్ని చూడగానే, "ఏమైంది తల్లీ?" అన్నాడు. అప్పటికే భుజం ఓదార్చడానికి సిద్ధంగా పెట్టుకున్నాడు, దొంగ ముఖం.

"వచ్చింది మావయ్యా."

ఒక్క క్షణం ముఖంలో రంగు పోయింది. వెంటనే నవ్వు తెచ్చుకున్నాడు. "చూశావా, నేను చెప్పినట్టు కూర్చున్నావు కాబట్టే!"

"చెప్పినట్టే కూర్చున్నాను. నా చెయ్యి వణుకుతుందని ఎందుకు చెప్పావు?"

ఆయన నీళ్ళు నమిలాడు. ఎవరో పొరపాటు పడ్డారన్నాడు. ఫోన్ సరిగ్గా వినపడలేదన్నాడు. అక్క కదలకుండా చూస్తూనే ఉంది. చివరికి కుర్చీలో కూలబడ్డాడు.

"నువ్వు పోతే నా గతేంటే? ఏదో ఒక వంక చెబుదామనుకున్నాను. ఎంత వెతికినా నీలో వంక దొరకలేదు. అందుకే నాది చెప్పాను."

"అందరికీ ఇదే చెప్పావా? కోటు కొలతలు తీసిన వాళ్ళకు కూడా?"

తల దించుకున్నాడు. నాకు ఆ బల్లలు ఎత్తి కుదేయాలనిపించింది.

ఇంత జరిగాక కూడా ఆయన ఏం చేశాడో తెలుసా? బల్ల మీద సగం చేసిన సెట్టును ఎప్పటిలాగే నెమ్మదిగా అక్క వైపు జరిపాడు. "రేపు పొద్దున డాక్టరుకు ఇచ్చేయాలి తల్లీ. ఈ ఒక్కటీ చేసిపెట్టు."

అక్క దాన్ని ముట్టుకోలేదు.

"డాక్టరుకు ఫోన్ చేయి మావయ్యా. మా మేనకోడలికి చెయ్యి వణుకుతోంది, సెట్టు ఆలస్యమవుతుందని చెప్పు. నీకు అలవాటైన మాటే కదా."

అనేసి బయటికి నడిచింది. వీధి మలుపు దాటాం. నేనే వాగుతున్నాను. అమ్మతో చెప్పి కడిగిస్తాను, ఇక మన గుమ్మం తొక్కనివ్వను, డాక్టర్లందరికీ నిజం చెప్పేస్తాను అంటూ. ఆమె మూసేసిన ఒక దుకాణం మెట్ల మీద కూర్చుండిపోయింది. నేను పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాను. ఆ చెయ్యి తీసేసి, కళ్ళు తుడుచుకుంటూ, "ఉద్యోగం రాని ప్రతిసారీ ఆయన దగ్గరే కదే ఏడ్చాను," అంది.