వెనకద్దం మీది పేరు

పాతకారు కొనడానికి కమలాపురం పోయొచ్చిన కథ ఇది. మాది కోడుమూరు, మగ్గాల ఇల్లు. చీరల మూటలు బస్సుల్లో మోసీ మోసీ నా నడుం విరిగింది. కండక్టర్లతో లగేజీ గొడవలు సరేసరి. ఇక చాలనిపించి, కారు తోలడం వచ్చిన మా తమ్ముడు నాగరాజును వెంటబెట్టుకుని బయల్దేరాను.

తెల్లవారుజామున బస్సెక్కి ఏడింటికల్లా కర్నూలులో దిగాం. బస్టాండు బయట వేడివేడి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. మీరు ఎప్పుడైనా ఈ దారిన పోతే కడుపు నింపుకునే ఎక్కండి, కడప బస్సు నంద్యాలలో ఆగే సమయం టీకి కూడా చాలదు. కడప చేరేసరికి ఎండ నెత్తిన ఉంది. అక్కడ ఇంకో బస్సు పట్టుకుని కమలాపురం పోయాం.

కారు బాగుంది, తెల్లది. వెనకద్దం నిండా సింహం బొమ్మ, దాని కింద ఆ పక్క ఊళ్లలో ఒక పెద్దింటి పేరు. కారు అమ్మే రైతుకూ ఆ ఇంటికీ చుట్టరికమేమీ లేదట. మరి ఆ స్టిక్కరు తీసేసి ఇస్తారా అని అడిగితే ఆయన నన్ను వింతగా చూశాడు.

"తీయొద్దు తల్లీ. ఆ పేరుంటే దావలో ఎవురూ అడ్డం రారు. నేను గూడా అందుకే ఏసుకున్నా."

డబ్బిచ్చి కారు తీసుకుని బయల్దేరాం. నిజంగానే ఎవరూ అడ్డం రాలేదు. మైదుకూరు దాకా ఆటోలు వాటంతటవే పక్కకు జరిగాయి. నాగరాజు తెగ మురిసిపోతూ తోలాడు. మైదుకూరులో టీకొట్టు ముందు ఆపాం. బెంచీ మీద కూర్చున్న ముసలాయన మా వెనకద్దం చూసి గబుక్కున లేచి, భుజం మీది టవల్ తీసి చంకలో పెట్టుకున్నాడు. కూర్చో పెద్దాయనా అని ఎంత చెప్పినా కూర్చోడే!

నాకు ఒళ్లు మండిపోయింది. మా నాయన చీరలు పట్టుకుని పెద్దిళ్ల ముందు అచ్చం ఇట్లాగే నిలబడేవాడు. ఇప్పుడు నా కారును చూసి ఇంకొకరు నిలబడాలా? కొట్టాయన దగ్గర వేడినీళ్లు, బ్లేడు అడిగి తీసుకున్నాను.

ఆ పేరు పోతే ఈ దారిలో మనల్ని పురుగుల్లా చూస్తారని నాగరాజు బతిమాలాడు. వాడి భయం ఉత్తదేం కాదు. దారివ్వలేదని బండి ఆపి కొట్టిన సంగతులు ఇద్దరం విన్నవే. చూస్తే చూడనీ అన్నాను. సింహం తోక దగ్గర మొదలుపెట్టి మూతి దాకా, కింది పేరుతో సహా గీకేసరికి గోళ్లు నొప్పెట్టాయి. కాసేపు చూసి ముసలాయన మెల్లగా కూర్చుని టీ అందుకున్నాడు.

పక్కనే స్టిక్కర్ల అంగడి ఉంటే దూరాను. అక్కడ పులి ఉంది, కత్తి ఉంది, మీసం ఉంది, దేవుళ్లున్నారు, నాయకులున్నారు. మగ్గం మాత్రం లేదు. అక్షరాలైనా కత్తిరించి ఇమ్మన్నాను. 'నేసేది మేమే, తోలేది మేమే', కింద 'కోడుమూరు'. వెనకద్దానికి అంటిస్తుంటే నాగరాజు తల పట్టుకున్నాడు.

చాగలమర్రి దాటాక టోల్‌గేటు దగ్గర బండ్లు బారులు తీరి ఉన్నాయి. ఒంటి నిండా నాయకుల ఫోటోలు అంటించుకున్న బండి ఒకటి వరస తప్పించి మా ముందు మూతి పెట్టబోయింది. నాగరాజు సందివ్వలేదు. అందులోంచి ఒకాయన దిగి, మా వెనకద్దం చదువుకుని, నాగరాజు పక్కకు వచ్చాడు.

"ఏమప్పా, ఎవురి మనుషులు మీరు?"

నేను నోరు తెరిచేలోపే నాగరాజు అన్నాడు.

"ఎవురి మనుషులమూ కాదన్నా. ముందొచ్చినాము, ముందే పోతాము."

ఆయన మమ్మల్ని ఎగాదిగా చూసి, వెనక మోగుతున్న హారన్లు విని, ఏదో గొణుక్కుంటూ తన బండెక్కాడు. మేమే ముందు పోయాం.

నంద్యాల దాటేసరికి పొద్దు వాలింది. జనం కార్ల మీద పేర్లు వేసుకునేది గొప్పకని ఇన్నాళ్లూ అనుకునేదాన్ని. సగంమంది భయానికి వేసుకుంటున్నారు. భయం మాకూ ఉంది. అయినా మా పేరే వేసుకున్నాం.