మొప్ప ఎత్తి చూడాల్సిందే

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు నన్ను కోటబొమ్మాళి వైపు ఒక ఆరోగ్య కేంద్రానికి ఆఫ్తాల్మిక్ ఆఫీసరుగా వేశారు. పేరుకు ఆఫీసరే గాని డాక్టర్ని కాను. కళ్లు పరీక్షించి, అనుమానం ఉన్నవారిని శ్రీకాకుళంలోని నేత్రవైద్యుల దగ్గరికి పంపడం నా పని. బడి ముఖం చూడకుండా ఇంట్లో తాతగారి దగ్గర చదువుకుని, ప్రైవేటుగా పరీక్షలు కట్టిన నాకు ఆ కుర్చీ దక్కడమే దేవుడి దయ.

ఆ మాఘమాసంలో సముద్రపొడ్డు పల్లెలో షుగరున్నవారికి ఉదయం పూట కంటి శిబిరం పెట్టాం. చేపలమ్మే గురమ్మ తట్టతో సహా వచ్చింది. పదేళ్లుగా షుగరు మనిషి. చార్టు అడుగు వరసలోని గుర్తులు ఎటు తిరిగాయో తడుముకోకుండా చూపించింది. కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

“వొద్దు డాట్రమ్మా! సుక్కలేస్తే పొద్దోయిందాకా మసకేనట. రెండో బోటు వొచ్చే యేళ. సేప కానరాకుండా ఎలా కొంతాను? మావోళ్లు ఎక్కిరించరా? అరసవిల్లి సామికి మొక్కీసినాను, ఆయనే సూసుకుంతాడు.”

కళ్లు కాచే ఆ సూర్యదేవుడికి నేనూ భక్తురాలినే. చూపు బాగుందని రాసి పంపేయడం తేలికే. కాని షుగరు చేసే చెరుపు మొదట్లో చూపుకు తెలియదు. కంటి వెనక తెర రెటీనా. దాని మీది సన్నని రక్తనాళాలు కారుతున్నా నొప్పి ఉండదు, మసకా ఉండదు. మనిషికి తెలిసేసరికి ఆలస్యమైపోవచ్చు.

తట్టలో చేపను చూపించి, కన్ను మెరుస్తోంది కదా, తాజాదేనా అని అడిగాను.

“ఐసులో పెట్టినా కన్ను మెరుస్తాది. మొప్ప ఎత్తి సూడాల,” అంటూ ఎత్తి ఎర్రటి మొప్ప చూపించింది గర్వంగా.

మరి నీ కన్ను మాత్రం పైపైన చూసి పంపేయమంటావేం అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. “మాటకారివే! అమ్మకం అయినాక వొస్తాను. అందాకా కూకుంతావేటి?”

కూర్చుంటానన్నాను. మూడు గంటలకు కోడలిని తోడు తెచ్చుకుని వచ్చింది. చుక్కలు వేశాక, రెటీనాను ఫొటో తీసే ఫండస్ కెమెరాలో రెండు కళ్లలోనూ రక్తపు మచ్చలు కనిపించాయి. శ్రీకాకుళంలో లేజరు చేశారు. మాత్రలు మానకుండా వాడింది. చూపు నిలిచింది. నేను విరమించే నాటికి ఎవరి సాయం లేకుండా చేపలు ఏరుకుంటూనే ఉంది.

చార్టు చదివినంత మాత్రాన కన్ను బాగున్నట్టు కాదని శిక్షణలోనే చెప్పారు. శిబిరం వేళ మన వీలును బట్టి కాక వచ్చేవాళ్ల పనిని బట్టి పెట్టాలని నేర్పింది మాత్రం గురమ్మే. ఆ తర్వాత ఆ ఒడ్డున నా శిబిరాలన్నీ బోటు అమ్మకం ముగిశాకే జరిగాయి. చుక్కలు వద్దనేవారు తగ్గిపోయారు.