చప్పిడి సంచి

మొన్న ఆదివారం పొద్దున చేర్యాల నుంచి మా అక్క బిడ్డ ఫోన్ చేసింది. "చిన్నమ్మా, ఆనాడు మిద్దె మీద ఫాయిల్ సంచుల్ల కోడికూర కాల్చినం గద, ఎన్ని నిమిషాలు పెట్టినం?" అని అడిగింది. ముప్పై ఐదు, పద్దెనిమిదో నిమిషంలో ఒకసారి తిప్పాలి అని చెప్పాను. "బుక్కు చూసి చెప్తున్నవా, నోటికే చెప్తున్నవా?" అంది. నోటికే చెప్పాను కానీ, ఫోన్ పెట్టేశాక నేను లెక్కలు రాసుకునే ఆ బుక్కు తీసి చూసుకున్నాను. సరిగ్గానే ఉంది. ఈ మధ్య కళ్లూ మోకాళ్లూ ఓపికా అన్నీ తగ్గిపోయాయి, లెక్కలు మాత్రం నన్ను వదలడం లేదు. ఆ పేజీ మూయబుద్ధి కాక అట్లాగే కూర్చున్నాను.

పత్తి మార్కెట్ యార్డులో కాంటా దగ్గర ఇరవై తొమ్మిదేండ్లు తూకాలు రాసిన మనిషిని నేను. రిటైరై ఇంట్లో కూర్చున్నాక తూచడానికి ఏమీ లేక తోచకుండా ఉన్న రోజుల్లోనే మా అక్కకు కిడ్నీలు పాడయ్యాయి. ఆమె ఇంటాయనా మా ఇంటాయనా అప్పటికే పోయారు. దవాఖాన దగ్గరని నా ఇంటికే వచ్చేసింది. మంగళవారం, శుక్రవారం డయాలిసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు. డాక్టర్ రోజుకు నీళ్లు ఇన్ని అని చెప్పి, ఉప్పు వద్దన్నాడు. నేను స్టీలు గ్లాసు మీద గోళ్ల రంగుతో గీత గీశాను. పొద్దున లేవగానే బరువు చూసి రాసేదాన్ని. ఆలుగడ్డ, టమాట బంద్. పొయ్యి మీద రెండు గిన్నెలు, నాకు ఉప్పున్నది, ఆమెకు చప్పిడిది. అక్క ఏమీ అనేది కాదు, బరువు చూసే మిషన్ ఎక్కినప్పుడు మాత్రం, "పత్తి బోరెం జోకినట్టు జోకుతున్నవ్, తరుగు గూడ తీస్తవానే?" అని నవ్వేది. నాకు నవ్వు వచ్చేది కాదు. కాంటా దగ్గరైనా, మంచం దగ్గరైనా, తూకం నవ్వే పని కాదు.

అట్లా రెండేండ్లు గడిచాయి. ఒక ఆదివారం ఆమె బిడ్డ బస్సులో నిప్పుల మీద పెట్టి కాల్చే మడతల జాలీ ఒకటి, బొగ్గుల సంచి, ఫాయిల్ సంచులు పట్టుకుని దిగింది. కాగితం లాంటి ఆ వెండి సంచిలో ముక్కలు వేసి, మూతి మడిచి, నిప్పుల మీద పెడితే దాని ఆవిరికి అదే ఉడుకుతుందట. "ఎవల సంచి వాళ్లదే చిన్నమ్మా. ఉప్పు వేసేటోళ్లకు వేస్తం, అమ్మకు వెయ్యం. పొయ్యి ఒకటే, వాసన ఒకటే. అందరం ఒక్కసారే తిందం" అంది. అక్క ముఖం ఎట్లా విచ్చుకుందో నేను చూశాను. రెండేండ్లుగా మా ఇంట్లో నాది ఒక తిండి, ఆమెది ఒక తిండి. మిద్దె మీదికి పదహారు మెట్లు. నాలుగు చోట్ల ఆగి అయినా తనే ఎక్కింది.

నాలుగు సంచులు కట్టాను. అక్కకు, నాకు, బిడ్డకు, డ్యూటీలో ఉన్న అల్లుడికి తీసుకుపోవడానికి ఒకటి. ఒక్కో దాంట్లో నాలుగు ముక్కలు. మూడింట్లో అర చెంచా చొప్పున ఉప్పు, అక్క దాంట్లో లేదు. మూతులు రెండేసి మడతలు పెట్టి గట్టిగా నొక్కాను. బయటికి చూస్తే నాలుగూ ఒక్క తీరే. "ఒక దారమన్న కట్టు చిన్నమ్మా, కలుస్తయి" అంది బిడ్డ. నేను వినలేదు. కాంటా మీదికి వచ్చే బోరేల మీద, ఆ పత్తి బస్తాల మీద, రాసిన గుర్తులు చెరిగిపోతాయి, చినిగిపోతాయి. వరుస తప్పనియ్యకుంటే చాలు, తూకం తప్పదు. ఇరవై తొమ్మిదేండ్లు నేను నమ్మింది ఆ వరుసనే. ఎడమ కొసన మొదటిది అక్కది, కుడి కొసన చివరిది నాది. పద్దెనిమిదో నిమిషంలో ఒక్కొక్కటే తిప్పి, పెట్టిన చోటే పెట్టి, ప్లేట్ల కోసం కిందికి దిగాను. అప్పుడే గాలి మళ్లి పొగ అక్క ముఖానికి కొట్టిందట. బిడ్డ జాలీని రెండు చేతులా పట్టుకుని ఆ కొస ఈ కొసకు వచ్చేట్టు తిప్పింది. నాకు చెప్పాలని ఆమెకు తోచలేదు. తోచవలసింది ఆమెకు కాదు.

ముప్పై ఐదో నిమిషంలో ఎడమ కొసది అక్క ప్లేట్లో పెట్టాను, కుడి కొసది నేను తీసుకున్నాను. సంచి చింపగానే ఆవిరి పైకి లేచింది. అల్లం, ఎల్లిగడ్డ, కాలిన కారం వాసన. అక్క నెమ్మదిగా తింటోంది. నేను ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఆగిపోయాను. ఉప్పు లేదు.

"అక్కా, అది నీది కాదు" అన్నాను.

"ఎరుకే. మొదటి ముక్కకే ఎరుకైంది."

"మరి చెప్పవా?"

"చెప్తే గుంజుకుంటవ్ గద."

బిడ్డ చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది. "అయ్యో, జాలీ నేనే తిప్పిన చిన్నమ్మా" అంది. నేను చెయ్యి చాపాను. అక్క ప్లేటు దాచుకోలేదు, పక్కకు తిరగలేదు. "ఇంక రెండే ఉన్నయి చెల్లే. తిననియ్యే" అంది. ఆమె నన్ను ఏదైనా అడగడం ఆ రెండేండ్లలో అదే మొదలు. అర చెంచాలో సగం లోపలికి పోయింది, సగం ఉంది అని నా బుర్ర లెక్క కడుతూనే ఉంది. మంగళవారానికి ఇంకా రెండు రోజులున్నాయి. ఒంట్లో నీరు పట్టి, ఆయాసం వచ్చి, ఆమె మంచం పట్టుకుని కూర్చున్న రోజులు నేను చూశాను. సంచి అడుగున ఉన్న రసం వంచి పారబోశాను. ఉప్పు ఎక్కువ దాంట్లోనే ఉంటుంది. ముక్కలు రెండూ ప్లేట్లోనే వదిలేశాను. తర్వాత నా ముందున్న చప్పిడివి నాలుగూ తిన్నాను. నోట్లో తడిపిన పత్తి పెట్టుకున్నట్టుంది. ఆమె కూర రెండేండ్లుగా రోజూ నా చేత్తో వండాను, తూచాను, కొలిచాను. ఒక్కనాడు నాలుక మీద వేసుకుని చూడలేదు.

మంగళవారం దవాఖానలో బరువు ఎప్పటికన్నా తొమ్మిది వందల గ్రాములు ఎక్కువ చూపింది. ఏం తిన్నదని నర్సు అడిగితే, తప్పు నాదని చెప్పాను. "దాన్ని అనకు బిడ్డా, తిన్నది నేను" అంది అక్క నర్సుతో. ఆరోజు డయాలిసిస్ మిషన్ మీద ఉన్నంతసేపూ కాళ్లు గుంజి చాలా బాధపడింది, మూలిగింది, కానీ తిన్నందుకు ఒక్క మాట అనుకోలేదు. మరునాటి నుంచి నేను ఒక్క గిన్నె పెట్టి ఒక్క కూరే వండాను. "నాకు రోగముంటే నీకేమొచ్చిందే చప్పిడి తినుడు?" అని రెండు రోజులు తిట్టింది. మూడో రోజు నుంచి, ఏది కొంచెం పర్వాలేదో, ఏది గొంతు దిగదో ఇద్దరం మాట్లాడుకుంటూ తిన్నాం. ఇంకో ఏడాది బతికింది.

మొత్తం మూడేండ్లలో మూడు వందల ఐదు సార్లు దవాఖానకు పోయాం. నాలుగు గంటల చొప్పున పన్నెండు వందల ఇరవై గంటలు ఆమె మంచం పక్కన కూర్చున్నాను. వాటిలో ఏ గంటా ఇప్పుడు విడిగా గుర్తుకు రాదు. ఆ రెండు ముక్కలు ఆమె ఎంతసేపు తిన్నదో మాత్రం నేను గడియారం చూడలేదు, అందుకేనేమో అది ఇంకా అయిపోలేదు.